గోనెగుడ్డ గొడుగులు

పోయిన వారం మా ఊరి గ్రంథాలయం నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిందట. పాతకాలపు యుద్ధాలకు వెళ్లివచ్చిన సిపాయిల కథలు సేకరిస్తున్నారట. పతకాలు, ఫోటోలు, ఉత్తరాలు ఉంటే ప్రదర్శనలో పెడతారట. మనుషులు ఉంటే మాట్లాడించి ఫోనులో రికార్డు చేసుకుంటారట. గుడియాత్తంలో మా నేతగాళ్ల వీథి నుంచి కొందరు పటాలంలో చేరారని ఎవరో చెప్పారట. మీ వీథిలో అట్లాంటి పెద్దవాళ్లు ఎవరైనా మిగిలారా అక్కా అని అరవంలో అడిగింది.

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందని? చల్లని మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. కానీ లోపల ఒకటే గొణుగుడు. ఇప్పుడు అడుగుతున్నారు. రికార్డు చేసే యంత్రాలు ప్రతి చేతిలోకీ వచ్చాయి, చెప్పేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చెప్పేవాళ్లు ఉన్న రోజుల్లో మా వీథిలో వినడానికి కూర్చున్నది ఒక్క మనిషి. ఆ మనిషిని నేనే. నేను విన్న తీరు చెబితే ఆ పిల్ల మజ్జిగ కూడా తాగకుండా లేచిపోయేదేమో.

అప్పుడు నాకు పదహారేళ్లు. ఎనిమిదో తరగతితో బడి మానేసి మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. మా నాయన మగ్గం మీద లుంగీలు నేసేవాడు. నూలు ధర వారానికొక మాదిరిగా ఉండేది. మంచి నూలంతా ఓడల్లో బయటి దేశాలకు పోతోందని, మనకు మిగిలింది పిచ్చి నూలని పెద్దవాళ్లు తిట్టుకునేవారు. బజారు వీథిలో అద్దాల గది కట్టి ఎస్.టి.డి. బూత్ పెట్టారు. మిద్దెల మీద పెద్ద పెద్ద గిన్నెల్లాంటి డిష్‌లు లేచాయి. మా పక్క వీథిలో పవర్‌లూమ్‌లు వచ్చి పగలంతా గడగడలాడుతుండేవి. ఆ శబ్దం వినగానే మా నాయన ముఖం ముడుచుకునేవాడు.

నాకు ఇవేవీ పట్టేవి కావు. నాకు గ్రంథాలయం ఉండేది. సాయంత్రం కండెల బుట్ట అప్పజెప్పి, చేతులకు అంటిన రంగు కడుక్కోకుండానే పరుగెత్తేదాన్ని. అక్కడి అరవ పుస్తకాలు వరసగా చదివాను. తెలుగు పుస్తకాలు ఒక చెక్క బీరువాలో తాళం వేసి ఉండేవి. అవి అడిగేవాళ్లే లేరు. మా వీథిలో అందరం తెలుగే మాట్లాడతాం, తెలుగు అక్షరం మాత్రం ఎవరికీ రాదు. నేను బస్టాండులో చిత్తూరు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఒక పక్క అరవంలో, ఒక పక్క తెలుగులో ఊళ్ల పేర్లు రాసి ఉంటాయి కదా, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం విడదీసుకున్నాను. రోజూ వచ్చి బస్సు ముందు నిలబడుతుంటే ఒక కండక్టరు చూసి, పాపా ఎక్కేదుందా లేదా, చిత్తూరు నీకోసం కాచుకోనుండాది అని ఎగతాళి చేసేవాడు. మూడు నెలల తర్వాత ఆ బీరువా తాళం తీయించాను. ఆ రోజు ఇంటికి ఎట్లా నడిచివచ్చానో, ఊళ్లో నన్ను మించిన చదువరి లేదన్నంత గర్వంగా వచ్చాను.

రాట్నం కింద పుస్తకం దాచుకుని చదువుతూ కండెలు చుట్టేదాన్ని. పోగు తెగి చిక్కుపడేది. అమ్మ వీపు మీద ఒకటి వేసేది. మా అవ్వ మాత్రం, పోనీలేమే, చదవనీ, ఇంట్లో ఒకరికైనా కండ్లు తెరవనీ అనేది.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమెకు ఒక అన్న ఉండేవాడు. అవ్వకు పదేళ్లప్పుడు తెల్లదొరలకు రెండో పెద్ద యుద్ధం వచ్చింది. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. ఆ అన్న, పక్కింటి స్నేహితుడు కలిసి వేలూరుకు వెళ్లి పటాలంలో చేరారు. పడుగుకు గంజి పెడుతున్నవాడు గంజి చేతులతోనే వెళ్లిపోయాడని అవ్వ చెప్పేది. స్నేహితుడు తిరిగి వచ్చాడు. అన్న రాలేదు. కాగితం కూడా రాలేదు. స్నేహితుణ్ణి ఎవరు ఎన్నిసార్లు అడిగినా, తప్పిపోయినాడు, నాకు తెల్దు అన్నాడు. ఆయన్నే మా వీథంతా పటాలం తాత అనేది.

భాద్రపదంలో పెద్దల అమావాస్య వస్తుంది. ఆ రోజు అవ్వ పోయినవాళ్లందరికీ ఆకులు వేసి వడ్డించేది. అన్నకు మాత్రం కొంచెం ఎడంగా ఒక ఆకు వేసి నీళ్లు చిలకరించి వదిలేసేది. మెతుకు పెట్టేది కాదు. ఉన్నవాడికి పెడితే చావు కోరినట్టు, లేనివాడికి పెట్టకపోతే ఆకలితో తిప్పినట్టు. ఏది నిజమో తెలియక ఆ ఆకును ఖాళీగా ఉంచేది. యాభై ఏళ్లుగా అదే పని. మధ్యాహ్నానికి ఆ ఆకు అంచులు వాడి ముడుచుకునేవి. ఎవరూ చూడకుండా తీసుకెళ్లి ఆవుకు వేసేది.

పటాలం తాతకు అప్పటికి మగ్గం గుంతలో కూర్చునే శక్తి లేదు. అయినా వీథిలో పడుగు చాచిన రోజు తప్పకుండా వచ్చేవాడు. పడుగంటే నిలువు దారాలు. వాటిని వీథి పొడవునా వెదురు కర్రల మీద చాచి, ఎండ ముదిరేలోపల గంజి పెట్టి కుంచెలతో దువ్వాలి. రెండు పక్కలా మగవాళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉండేవారు. పుల్లటి గంజి వాసన, తడి నూలు వాసన, ఇళ్లలో నుంచి కరువాడు, అదే ఎండుచేప, వేగే వాసన అన్నీ కలిసి వీథి నిండా ఉండేవి. గంజి మిగిలితే పిల్లలం బెల్లం కలుపుకుని తాగి తన్నులు తినేవాళ్లం. తాత కుంచె పట్టేవాడు కాదు. తెగిన పోగులు వెతికి అతకడం ఆయన పని. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలు కలిపి ఒక్క పురి తిప్పేవాడు. అతుకు ఎక్కడుందో నాయన కళ్లకు కూడా దొరికేది కాదు.

ఒకరోజు నేను వాకిట్లో కూర్చుని తెలుగు పుస్తకం చదువుతుంటే ఆగి చూశాడు.

"ఇది మన అక్షరమా పాపా?"

"అవును తాతా."

"రాసేదానికి కూడా వస్తుందా?"

వస్తుందన్నాను. రెండు రోజుల తర్వాత ఒక నోటుబుక్కు కొనుక్కొచ్చి ఇచ్చాడు. భుజం మీది సంచి కూడా దించకుండా గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పటాలం కత చెప్తా, రాసుకో. అరవంలో వద్దు. అరవంలో రాస్తే వీథంతా చదువుతారు. తెలుగులో అయితే నువ్వు ఒక్కదానివే. అంతా అయినాక మీ అవ్వకు చదివి వినిపీ. వాళ్లన్న సంగతి ఎదురుగా చెప్పేదానికి నాకు నోరు రాలేదమ్మా, ఇన్నేండ్లూ."

అదీ నా చేతిలో పెట్టిన పని. పదహారేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? నాకు ఆ పని బరువు తెలియలేదు. నేను ఒక చరిత్ర పుస్తకం రాయబోతున్నాననే అనుకున్నాను.

కూర్చోబెట్టి అడిగితే తాతకు మాట వచ్చేది కాదు. పడుగు పక్కన నడుస్తూ, పోగులు తడుముతూ ఉంటేనే కథ కదిలేది. నేను పడుగుకు ఇవతలి వైపు నోటుబుక్కు పట్టుకుని ఆయనతో పాటు నడిచేదాన్ని. గంజి ఆరగానే పడుగు చుట్టేసేవాళ్లు, కథ కూడా అక్కడే ఆగేది. మళ్లీ పడుగు చాచినప్పుడే తర్వాతి సంగతి. మామూలుగా వారానికి రెండు పడుగులు. ఆ ఏడు నూలు లేక పది రోజులకు ఒకటయింది. పవర్‌లూమ్ వాళ్లకు మిల్లులోనే గంజి పెట్టిన పడుగు వచ్చేది, వాళ్లకు వీథితో పనిలేదు. అంటే తాతకు మిగిలిన పడుగులు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాకది అప్పుడు తట్టలేదు.

ఆయన చెప్పినవి ఏవి? ఓడలో వాంతులు. వానలో ఆరని చొక్కాలు. కాళ్లకు పట్టిన జలగలు. అడవిలో రోడ్డు వేయడం. అవ్వ వాళ్లన్న ఎవరి చొక్కా చిరిగినా అంచు నుంచి పోగు లాగి దానితోనే కుట్టేవాడట. సంకటి కావాలని ఏడ్చేవాడట. నేను తుపాకుల కోసం కాచుకున్నాను. ఆ యుద్ధం మీద నేను చదివిన అరవ పుస్తకంలో సేనాపతులు ఉన్నారు, బాణాల గుర్తులతో పటాలు ఉన్నాయి. తాత కథలో అవేవీ లేవు. చొక్కాలూ సంకటీ చరిత్ర కాదని చాలావరకు రాయకుండా వదిలేశాను. మధ్యమధ్యలో ఆయన్ని ఆపి, అప్పుడు మీ సేనాపతి ఎవరు అని అడిగేదాన్ని. మాకు మేస్త్రీ ఒకడుండె అనేవాడు పాపం. మేస్త్రీ అని రాయడం నాకు నామోషీగా ఉండేది.

ఆరో పడుగు అనుకుంటాను. ఎర్ర నూలు పడుగు. తాత ఆ రోజు అలవాటు లేని తొందరలో ఉన్నాడు. నడక కూడా వడివడిగా ఉంది. తిండి అందక నాలుగు రోజులు ఆకులు ఉడకబెట్టుకు తిన్నామన్నాడు. తర్వాత విమానం వచ్చిందన్నాడు.

"పైనుండి గొడుగులు దిగినాయి. గోనెగుడ్డ గొడుగులు, మనం బియ్యం మూటకు కుట్టే గుడ్డే. ఒక్కోదానికి ఒక మూట వేలాడతా ఉండాది. మేం పరిగెత్తినాం. నాకంటే ముందర వాడు..."

నా చేయి రాస్తూనే ఉంది, మనసు మాత్రం గోనె దగ్గరే నిలిచిపోయింది. విమానం నుంచి దిగే గొడుగులు, అదే పారాచూట్‌లు, పట్టుతో చేస్తారు. నేను చదివాను. బొమ్మ కూడా చూశాను, తెల్లగా నిగనిగలాడుతూ. గోనెసంచితో ఎవరైనా ఆకాశం నుంచి దిగుతారా? నవ్వు ఆపుకోలేకపోయాను. పక్కపక్కన కుంచెలతో నడుస్తున్నవాళ్లు ఏందిమే అంత నవ్వు అని అడిగారు. చెప్పాను. గట్టిగా చెప్పాను. పట్టు అని పుస్తకంలో ఉందని, పుస్తకం పేరుతో సహా చెప్పాను.

కుంచెలు ఆగిపోయాయి. ఒకాయన, "ఏం మామా, గోనెసంచిలో దిగింది బియ్యమా నువ్వా?" అన్నాడు. వీథంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. అవ్వ ఒక్కతే వాకిట్లో రాట్నం ఆపి మావైపు చూస్తూ ఉండిపోయింది. తాత చేతిలో ఒక తెగిన పోగు ఉంది. దాన్ని అతకలేదు. అట్లాగే పడుగు మీద వదిలేసి, వేళ్ల బూడిద పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

నేను ఎర్ర సిరా పెన్ను తీసి ఆ వాక్యాలు కొట్టేసి పక్కన 'తప్పు. పట్టు' అని రాశాను. అచ్చం గ్రంథాలయం పుస్తకాల్లో ఎవరో పెద్దమనిషి రాసిన దిద్దుబాట్ల మాదిరిగా, అక్షరాలు గుండ్రంగా.

ఆ వారంలోనే చిన్నపిల్లలు ఆయన్ని గోనె గొడుగు తాతా అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన పడుగు దగ్గరికి రావడం మానేశాడు. ఏడో పడుగు ఆయన లేకుండానే అయింది. నాయన తెగిన పోగులు అతకలేక విసుక్కున్నాడు.

అవ్వ నన్ను ఏమీ అనలేదు. తాత మొహం చూసి వస్తాం పద అని మాత్రం నాలుగైదు సార్లు అంది. చివరికి నేనే ఒక మధ్యాహ్నం వెళ్లాను. క్షమించమని అడగడానికే వెళ్లాను, ఒట్టు. తాత అరుగు మీద కూర్చుని మిగులు నూలుతో తాడు పేనుకుంటున్నాడు. కోపంగా లేడు. కూర్చో పాపా అన్నాడు. నవ్వినందుకు తప్పైందన్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ రోజు ఇది రాసే అవసరం ఉండేది కాదు. నేను ఆగలేదు. యాభై ఏళ్ల కిందటి సంగతి కదా తాతా, ఏదో ఒకటి కలిసిపోయి ఉంటుంది, పుస్తకంలో స్పష్టంగా ఉంది అన్నాను.

"ఆ గుడ్డ ఈ చేత్తో పట్టుకున్నా పాపా."

"గుర్తు తప్పి ఉంటుంది తాతా."

తాడు పేనడం ఆపాడు.

"మర్సిపోయినానేమో," అన్నాడు. "నువ్వు చదివినదానివి."

తర్వాత అవ్వ వాళ్లన్న సంగతి అడిగితే అదే మాట. అదీ మర్సిపోయినానేమో పాపా. ఒకటి తప్పయితే ఇంకోటి నిజమని ఎట్ల చెప్పేది?

నేను నోటుబుక్కు సంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ముసలివాళ్ల మొండితనం అని అమ్మతో చెప్పాను కూడా.

తాత కొడుకు వేలూరు పక్కన తొరపాడిలో మేస్త్రీ పని చేసేవాడు. వానలు మొదలయ్యే ముందు వచ్చి తండ్రిని తనతో తీసుకెళ్లాడు. నెల తిరక్కముందే పక్షవాతం వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చారని కబురు వచ్చింది. అవ్వ ఎప్పుడూ ఊరు దాటని మనిషి, పద అంది. ఒక గోనెసంచిలో నాలుగు అరటిపండ్లు, తాతకు ఇష్టమైన రాగిపిండి, ఒక పాత లుంగీ పెట్టుకుంది. బస్సులో దారిపొడుగునా ఆ సంచిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఏం అడగాలో లోపల వరస పెట్టుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి.

తాతకు ఒక పక్కంతా పడిపోయింది. మాట లేదు. కళ్లు మాత్రం తిరుగుతున్నాయి. అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయన చేయి పట్టుకుంది.

"అన్నా, మా అన్న పోయినాడా?"

తాత తల ఊపాడు. అవ్వ ఇంకోటి అడిగింది.

"యాడన్నా బతికే ఉండాడా?"

దానికీ తల ఊపాడు. నర్సు వచ్చి, ఆయన దేనికైనా అట్లాగే ఊపుతాడమ్మా, నీళ్లు కావాలా అన్నా ఊపుతాడు, వద్దా అన్నా ఊపుతాడు అని అరవంలో చెప్పి మందు గ్లాసు పెట్టి వెళ్లింది.

అవ్వ అరటిపండు తీద్దామని గోనెసంచిని మంచం మీద పెట్టింది. తాత బాగున్న చేయి మెల్లగా జరిగి దాని అంచు పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ గుడ్డను పెట్టి నలిపాడు. మా వీథిలో ఏ గుడ్డ చేతికి వచ్చినా అట్లాగే నలిపి చూస్తారు, నేత ఎంత, పోగు ఎంత అని. నలుపుతూ అవ్వ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాను. మేం బయలుదేరేటప్పుడు అవ్వ ఆ సంచిని ఆయన దగ్గరే వదిలేసింది. పది రోజులకు తాత పోయాడు.

తర్వాత మా మగ్గం కూడా అమ్మేశాం. నేను వేలూరులో ఒక బట్టల అంగడిలో లెక్కలు రాసే పనికి కుదిరాను. సాయంత్రం అక్కడి పెద్ద గ్రంథాలయానికి పోయేదాన్ని. నాలుగేళ్ల తర్వాత ఒకరోజు ఆ యుద్ధం మీద ఒక లావాటి పుస్తకం దొరికింది. అలమర దగ్గర నిలబడే తిరగేస్తున్నాను. ఒక పేజీ అడుగున రెండు వాక్యాలు ఉన్నాయి. పట్టు చాలక జనపనార గుడ్డతో గొడుగులు చేయించి, సామాను దించడానికి వాడారని. అంతే. రెండే వాక్యాలు. గోనెగుడ్డ.

నేను ఆ పుస్తకం మూయలేదు, అలమరలో పెట్టలేదు, అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. గ్రంథాలయం మూసే వేళయిందని వాచ్‌మన్ వచ్చి చెప్పేదాకా. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? నేను మొదట చదివిన పుస్తకంలో అబద్ధం లేదు. అందులో సగమే ఉంది. పుట్టినప్పటి నుంచి నూలు పట్టుకున్న మనిషి ఒక గుడ్డను చేత్తో తాకి ఇది గోనె అంటే, నేతగాడి బిడ్డనై ఉండి, వేళ్లను నమ్మకుండా బొమ్మను నమ్మాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్లి అవ్వకు చెప్పాను. పటాలం తాత చెప్పింది నిజమే అవ్వా, గోనెగుడ్డతోనే చేశారంట, పుస్తకంలో చూశాను అన్నాను. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. తల ఎత్తలేదు.

"నేసేవానికి గుడ్డ తెలీదామే? ఆ పొద్దే నాకు తెలుసు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"పుస్తకంలో ఉండాదని నువ్వు అంటివి. చదివినదాని ముందర నేనేం మాట్లాడేది?"

చేటను ఒకసారి చెరిగి మళ్లీ ఏరుకుంటూ కూర్చుంది. తాత చేతా అవ్వ చేతా ఒకటే మాట చెప్పించాను నేను, చదివినదానివి అని.

అవ్వ పోయేదాకా ఆ ఆకు ఖాళీగానే ఉంది. ఇప్పుడు పెద్దల అమావాస్యకు నేను అవ్వకు వడ్డించి, పక్కన ఆమె అన్నకూ ఒక ఆకు వేసి నీళ్లు చిలకరించి వదిలేస్తాను. పడే మూటల కింద చిక్కి మనుషులు పోయేవారని తర్వాత చదివాను. అట్లా జరిగి ఉండవచ్చు. ముందర పరుగెత్తి అడవిలో తప్పిపోయి ఉండవచ్చు. ఏదీ నేను వినలేదు కనుక ఏదీ రాయను, మెతుకూ పెట్టను.

గ్రంథాలయం అమ్మాయికి పతకం లేదన్నాను, ఫోటో లేదన్నాను. లేచి వెళ్లబోతుంటే నాకే ప్రాణం ఆగక పెట్టె తెరిచి నోటుబుక్కు తెచ్చాను. అట్టకు చెద తగిలింది. ఆ పిల్లకు తెలుగు రాదు. ఊళ్లో చదవగలిగేదాన్ని ఇప్పటికీ నేనే. ఎర్ర సిరా కింద ఉన్న వాక్యాలు వెతికి, ఒక్కోటి అరవంలోకి మార్చి చదివాను. పైనుండి గొడుగులు దిగినాయి. గోనెగుడ్డ గొడుగులు. మేం పరిగెత్తినాం. నాకంటే ముందర వాడు...

ఆ పిల్ల నవ్వలేదు. గోనె ఏమిటని అడగలేదు. ఫోను నా ముందుకు ఇంకాస్త జరిపి, కళ్లు పెద్దవి చేసుకుని, "అప్పురం?" అంది.

తర్వాత? అని. ఆ రోజు ఎర్ర పడుగు పక్కన నేను అడగవలసిన మాట అదొక్కటే.